మచ్చలు లేవు, కీళ్ల నొప్పులు లేవు, కాలిలో రక్తం గడ్డ మాత్రమే: పిల్లల్లో లూపస్ ఇలా కూడా మొదలవుతుందా?

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీ పాపకి 13 ఏళ్లు. పది రోజుల క్రితం ఎడమ కాలు తొడ దాకా వాచింది. మొదట బెణుకు అన్నారు. తర్వాత డాప్లర్ స్కాన్ చేస్తే లోపలి పెద్ద సిరలో రక్తం గడ్డ కనబడింది. హెపారిన్ (రక్తం పలచబడే ఇంజెక్షన్) మొదలుపెట్టకముందు తీసిన రక్తంలో ఏఎన్‌ఏ (లూపస్ అనుమానం వస్తే మొదట చేసే యాంటీబాడీ పరీక్ష) పాజిటివ్, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) ఎక్కువ, ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు. డాక్టర్ గారు "లూపస్ కావచ్చు, చూడాలి" అన్నారు. లూపస్ అంటే ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు. మొహం మీద ఎర్రమచ్చలు లేవు, కీళ్ల నొప్పులు లేవు, జ్వరం లేదు. ఒక్క గడ్డని చూసి లూపస్ అంటారేమిటి అన్నది మీ మొదటి ప్రశ్న. గడ్డకట్టడానికి ఎక్కువ సమయం పడుతోందని రిపోర్టులోనే ఉంటే మళ్లీ రక్తం పలచబడే ఇంజెక్షన్ ఎందుకన్నది రెండోది. స్కూలుకి పంపొచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే: అవును, పిల్లల్లో లూపస్ రక్తం గడ్డతోనే మొదలవ్వచ్చు. మచ్చలు, కీళ్ల నొప్పులు నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడొచ్చు. కానీ మీరు రాసిన రిపోర్టులతో మీ పాపకి లూపస్ ఉందని ఈరోజు ఎవరూ తేల్చలేరు. ఇంజెక్షన్ మాత్రం ఆపకండి.

నేను పిల్లల డాక్టర్‌ని. 20 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, అందులో సగానికి పైగా లూపస్, పిల్లల కీళ్లవాతం కేసులే చూస్తున్నాను. నా అనుభవంలో ఇంట్లోవాళ్లని ఎక్కువ తికమక పెట్టేది మీ రెండో ప్రశ్నే. చాలా ఆసుపత్రుల్లో తప్పు జరిగేదీ అక్కడే. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

ఏపీటీటీ పరీక్షలో జరిగేది ఇదీ. నీలం మూత ట్యూబులోకి రక్తం తీసి, ప్లాస్మా వేరుచేసి, దానికి ఒక కొవ్వు పదార్థం కలిపి ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూస్తారు. ఆ కొవ్వు పేరు ఫాస్ఫోలిపిడ్. పాలకి తోడు ఎలాగో, ఆ పరీక్షకి ఫాస్ఫోలిపిడ్ అలాగ అనుకోండి. కొందరి రక్తంలో ఆ తోడునే పట్టేసుకునే యాంటీబాడీలు ఉంటాయి. తోడు వాటికి చిక్కాక పాలు తోడుకోవు కదా, ట్యూబులో గడ్డకట్టడమూ ఆలస్యమవుతుంది. రిపోర్టులో సెకన్లు పెరిగి కనిపిస్తాయి. ఒంట్లో కథ వేరు. అవే యాంటీబాడీలు రక్తనాళాల లోపలి పొరనీ ప్లేట్‌లెట్లనీ రెచ్చగొట్టి గడ్డలు కట్టిస్తాయి. ట్యూబులో ఆలస్యం, ఒంట్లో తొందర. ఇదే ఇందులోని మెలిక.

దీనికి పెట్టిన పేరు గందరగోళాన్ని ఇంకా పెంచింది. 1952లో అమెరికాలో ఇద్దరు లూపస్ రోగుల రక్తంలో ఈ ఆలస్యాన్ని గమనించి రాశారు. 1972లో దానికి 'లూపస్ యాంటీకోయాగ్యులెంట్' అని పేరొచ్చింది, అంటే లూపస్‌లో కనిపించే గడ్డకట్టనివ్వని పదార్థం అని. తీరా చూస్తే అది ఉన్నవాళ్లలో చాలామందికి లూపస్ లేదు, అది గడ్డ కట్టనివ్వకపోవడం కాదు, కట్టిస్తుంది. పేరులోని రెండు మాటలూ తప్పే! 1983లో లండన్‌లో గ్రహామ్ హ్యూజ్ అనే డాక్టర్ ఈ యాంటీబాడీలనీ గడ్డలనీ కలిపి ఒకే జబ్బుగా వివరించాక విషయం తేటపడింది. దాన్నే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అంటాం. పొట్టిగా ఏపీఎస్.

కొన్నేళ్ల క్రితం ఒక అమ్మాయిని వేరే ఊరి నుంచి మా దగ్గరికి పంపారు. కాలిలో గడ్డ ఉంది, ఏపీటీటీ 70 సెకన్లు దాటింది. అక్కడివాళ్లు ఆ అంకె చూసి, రక్తస్రావం అవుతుందేమోనని హెపారిన్ ఆపేసి రెండు బ్యాగులు ప్లాస్మా ఎక్కించారు. మర్నాటికి వాపు నడుము దాకా పాకింది. తప్పంతా వాళ్లదని నేననను. ఆ అంకెని చూస్తే ఎవరికైనా మొదట తోచేది అదే. అలాంటప్పుడు చేయాల్సిన చిన్న పరీక్ష ఒకటుంది. పాప ప్లాస్మాకి సమానంగా ఆరోగ్యవంతుల ప్లాస్మా కలిపి మళ్లీ సెకన్లు లెక్కపెట్టాలి. గడ్డకట్టడానికి కావాల్సిన ఏదో ఫ్యాక్టర్ (రక్తంలోని ప్రొటీన్) తక్కువై ఆలస్యమవుతుంటే, కలపగానే సరిపోతుంది. యాంటీబాడీ ఉంటే కలిపిన ప్లాస్మాని కూడా అది అడ్డుకుంటుంది కాబట్టి సెకన్లు తగ్గవు. దీన్ని మిక్సింగ్ టెస్ట్ అంటారు. మీ పాపకి చేశారో లేదో కనుక్కోండి.

ఇక లూపస్ విషయం. లూపస్ వచ్చిన పిల్లల్లో చాలామందికి ఈ యాంటీబాడీలు ఉంటాయి, అయినా అందరికీ గడ్డలు కట్టవు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పాజిటివ్ వచ్చినవాళ్లకే ముప్పు ఎక్కువ. టొరంటోలో 149 మంది లూపస్ పిల్లల వివరాలు 2003లో ప్రచురించారు. వాళ్లలో 24 మందికి అది పాజిటివ్, ఆ 24 మందిలో 13 మందికి ఎక్కడో ఒకచోట గడ్డ కట్టింది. మరో వైపు నుంచి చూస్తే, ఏపీఎస్ ఉన్న 121 మంది పిల్లల వివరాలతో 2008లో ఒక అంతర్జాతీయ రిజిస్ట్రీ ఫలితాలు వచ్చాయి. వాళ్లలో దాదాపు సగం మందికి వెనకాల లూపస్‌లాంటి జబ్బు ఉంది. మొదట 'ఒట్టి ఏపీఎస్' అనుకున్నవాళ్లలో కొందరు తర్వాత లూపస్‌లోకి మారారు. మీ డాక్టర్ గారు "చూడాలి" అన్నది ఇందుకే. తప్పించుకోవడానికి అన్న మాట కాదది.

మరి ఎందుకు తేల్చలేరు? పెద్దవాళ్లకీ పిల్లలకీ ఇప్పుడు ఎక్కువగా వాడే 2019 నాటి లూపస్ ప్రమాణాలు తీసుకుందాం. ఏఎన్‌ఏ 1:80 లేదా అంతకంటే ఎక్కువ ఉండటం గుమ్మం దాటడం లాంటిది. ఆ తర్వాత ఒక్కో లక్షణానికీ కొన్ని పాయింట్లు, మొత్తం 10 రావాలి. రక్తం గడ్డకి అందులో ఒక్క పాయింటు కూడా లేదు. ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలకి 2. ప్లేట్‌లెట్లకి 4 ఉన్నాయి గానీ అవి లక్ష లోపుకి దిగితేనే లెక్క, మీ పాపవి లక్షా పదివేలు. అంటే ఆ యాంటీబాడీలు రుజువైనా మీ పాప లెక్క 10కి 2 దగ్గరే ఆగుతుంది. ఈ ప్రమాణాలు పరిశోధనల కోసం పెట్టుకున్నవి, జబ్బు నిర్ధారణకి డాక్టర్ అంచనాయే ముఖ్యం. అయినా మీరు ఎంత దూరంలో ఉన్నారో చెప్పడానికి ఈ లెక్క పనికొస్తుంది. ఇంకోటి, ఆరోగ్యంగా ఆడుకునే పిల్లల్లోనూ ఏఎన్‌ఏ కొద్దిగా పాజిటివ్ రావడం మామూలే. రిపోర్టులో 'పాజిటివ్' అన్న మాటని కాదు, పక్కనున్న టైటర్ అంకెని (1:80 లాంటిది) చూడాలి.

లూపస్ కాకపోతే గడ్డ ఇంకెందుకు కడుతుంది? పిల్లల్లో ఎక్కువగా కనిపించే కారణం ఐసీయూలో పెద్ద సిరలో పెట్టిన గొట్టం. మీ పాపకి అది వర్తించదు. ఎడమ కాలు అన్నారు కాబట్టి ఒకటి తప్పకుండా చూడాలి. కుడి కాలికి వెళ్లే ధమని ఎడమ కాలి సిర మీదుగా వెళుతుంది. కొందరు అమ్మాయిల్లో ఆ ధమని సిరని వెన్నెముకకి నొక్కేస్తుంది, అక్కడ గడ్డ కడుతుంది. కాలి డాప్లర్‌లో పొట్ట లోపలి ఆ భాగం సరిగా కనబడదు, సీటీ లేదా ఎంఆర్ వెనోగ్రామ్ (సిరల స్కాన్) కావాలి. రక్తం అతిగా గడ్డకట్టకుండా చూసే ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్ లోపాలు పుట్టుకతో వస్తాయి. మీ ఇంట్లో 40 ఏళ్లలోపు ఎవరికైనా కాలిలో గడ్డ, పక్షవాతం వచ్చాయేమో గుర్తు చేసుకోండి. బి12 బాగా తక్కువై హోమోసిస్టీన్ (ఎక్కువైతే గడ్డలు కట్టించే పదార్థం) పెరగడం మన దగ్గర మరీ అరుదేమీ కాదు. నెలసరి ఎక్కువగా అవుతోందని హార్మోన్ మాత్రలు వాడారా? పూజకో పెళ్లికో నెలసరి వాయిదా పడాలని ఏవైనా మాత్రలు మింగించారా? ఇది అడిగితే చాలామంది తల్లులు ముందు లేదంటారు, పాప బయటికి వెళ్లాక చెబుతారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు, మీ డాక్టర్‌కి చెప్పండి.

ఇన్ఫెక్షన్ తర్వాత కొన్నాళ్లు కనిపించి మాయమయ్యే యాంటీబాడీలు పిల్లల్లో మరీ ఎక్కువ. ఏడేళ్ల బాబు ఒకడు ఆటలమ్మ తగ్గిన రెండు వారాలకి కాలు వాచి వచ్చాడు. గడ్డ ఉంది, లూపస్ యాంటీకోయాగ్యులెంట్ గట్టి పాజిటివ్. వాళ్ల నాన్నగారు అప్పటికే ఇంటర్నెట్‌లో లూపస్ గురించి చదివేసి నిద్ర మానేశారు. మూడు నెలల తర్వాత మళ్లీ చేస్తే యాంటీబాడీలే లేవు. మందులు ఆపేశాం. ఇప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు, ఏ జబ్బూ లేదు.

అందుకే ఇందులో మార్చలేని నియమం ఒకటుంది. యాంటీబాడీలు ఒకసారి పాజిటివ్ వస్తే చాలదు, కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేసి చూడాలి. లూపస్ యాంటీకోయాగ్యులెంట్, కార్డియోలిపిన్ యాంటీబాడీ, బీటా-2 గ్లైకోప్రొటీన్ యాంటీబాడీ, ఈ మూడు పరీక్షలూ చేయాలి. మూడూ పాజిటివ్ అయితే ముప్పు ఎక్కువ. మొదటిదానితోనే చిక్కు. హెపారిన్, వార్ఫరిన్, రివరాక్సబాన్ లాంటి రక్తం పలచబడే మందుల మీద ఉంటే అది తప్పుగా రావచ్చు. మిగతా రెండింటినీ ఈ మందులు పాడుచేయవు. కాబట్టి రెండోసారి రక్తం ఇచ్చేటప్పుడు ఏ మందు మీద ఉన్నారో, ఆఖరి డోసు ఎన్ని గంటలకి వేశారో ల్యాబ్ కాగితం మీద రాయించండి. చూడటానికి చిన్న విషయాలే గానీ రిపోర్టుని తారుమారు చేసేవి మరో రెండున్నాయి. నీలం మూత ట్యూబు గీత దాకా నిండాలి. ప్లాస్మాని వెంటనే వేరుచేసి, దూరం పంపేటట్టయితే ఫ్రీజర్‌లో మంచులా గట్టిపరిచి పంపాలి. ఊళ్లో తీసిన రక్తం బస్సులో మర్నాడు హైదరాబాద్ చేరితే ఆ ఫలితాన్ని నేను నమ్మను.

లూపస్ గడ్డతోనే బయటపడిన, నేను చూసిన రెండు కేసులు చెబుతాను, ఎందుకంటే రెండూ మొదట్లో వేరే దారి పట్టాయి.

మొదటిది గోదావరి జిల్లాల నుంచి వచ్చిన 12 ఏళ్ల అమ్మాయి. కాలు వాచింది. ఆ ప్రాంతంలో కాలు వాస్తే మొదట అందరి నోటా వచ్చే మాట బోదకాలు. రాత్రి రక్తం తీసి క్రిములు కనబడకపోయినా, దానికే మాత్రలు మింగించారు. బోదకాలు వాపు నెమ్మదిగా, ఏళ్ల తరబడి పెరుగుతుంది. రెండు రోజుల్లో తొడ దాకా నొప్పితో ఉబ్బి, చర్మం నిగనిగలాడుతూ వెచ్చగా ఉంటే అది వేరే సంగతి. ఆ అమ్మాయికి మూడో వారంలో ఆయాసం వచ్చింది, గడ్డలో ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. బతికింది. యాంటీబాడీలు మూడూ పాజిటివ్, రెండోసారీ పాజిటివ్. అప్పటికి లూపస్ లక్షణం ఒక్కటీ లేదు. ఏడాదిన్నర తర్వాత మామూలు చెకప్‌లో మూత్రంలో ప్రొటీన్ కనబడింది, బయాప్సీలో లూపస్ కిడ్నీ జబ్బు తేలింది. ప్రతి మూడు నెలలకీ మూత్రం చూస్తూ వచ్చాం కాబట్టి తొలి దశలోనే దొరికింది. కాళ్లూ మొహమూ ఉబ్బేదాకా ఆగుంటే సగం కిడ్నీ పోయేది.

రెండోది పదో తరగతి అమ్మాయి. నెల రోజులుగా తలనొప్పి. పరీక్షల టెన్షన్ అన్నారు, సైట్ అన్నారు, కళ్లజోడు మార్చారు. కళ్లజోడు షాపులో ఉన్న కుర్రాడే "అంకుల్, పాపకి రెండు రెండుగా కనబడుతున్నాయంటోంది, ఇది సైట్ కాదు, పెద్ద డాక్టర్‌కి చూపించండి" అన్నాడట. కంటి నరం వాచి ఉంది. ఎంఆర్ వెనోగ్రామ్‌లో మెదడు నుంచి రక్తం బయటికి తెచ్చే సిరలో గడ్డ. ఈ అమ్మాయికి లూపస్ అప్పటికే లోపల ఉంది. సీ3, సీ4 (లూపస్ చురుగ్గా ఉంటే రక్తంలో తగ్గే ప్రొటీన్లు) తక్కువ, డీఎస్ డీఎన్‌ఏ యాంటీబాడీలు (లూపస్‌లో కనిపించేవి) ఎక్కువ, మూత్రంలో ప్రొటీన్. అడిగితే అప్పుడు చెప్పింది, ఆరు నెలలుగా దువ్వెన నిండా జుట్టు వస్తోందని, అంగిలి మీద నొప్పిలేని పుండు ఉందని. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

మీరూ పాపని ఇవి అడగండి: నోట్లో పుండ్లు, ఎండలో తిరిగితే చర్మం ఎర్రబడటం, జుట్టు ఊడటం, చన్నీళ్లు తగిలితే వేళ్లు తెల్లగా ఆపై నీలంగా మారడం, ఉదయం వేళ్లు బిగుసుకోవడం. తొడల మీద వల ఆకారంలో ఊదా గీతలు ఉన్నాయేమో వెలుతురులో చూడండి. రక్తంలో సీ3, సీ4, డీఎస్ డీఎన్‌ఏ, కూంబ్స్ (ఎర్ర రక్తకణాల మీద యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది) పరీక్షలు, బీపీ, మూత్రం చేయించాలి. వీటన్నిటిలో చవకైనదీ ఎక్కువ విషయం చెప్పేదీ మూత్ర పరీక్షే. కిడ్నీ నుంచి ప్రొటీన్ ఎక్కువగా పోవడం కూడా రక్తాన్ని గడ్డకట్టిస్తుంది, కాబట్టి యాంటీబాడీలు లేకపోయినా లూపస్ గడ్డకి కారణం కావచ్చు.

రిపోర్టుల్లో వీడీఆర్ఎల్ పాజిటివ్ అని ఉంటే కంగారు పడకండి. అది సుఖవ్యాధి పరీక్షే. కానీ అందులో వాడే పదార్థం కార్డియోలిపిన్, ఈ యాంటీబాడీలు దాన్నీ పట్టుకుంటాయి. ఆ ఒక్క కాగితం వల్ల ఒక ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలగలేదు. సుఖవ్యాధిని ఖాయం చేసుకునే టీపీహెచ్ఏ పరీక్ష చేస్తే నెగటివ్ వచ్చింది, అంతే.

మందుల గురించి కొంచెం. ఇప్పుడు హెపారిన్ రకం ఇంజెక్షన్, తర్వాత వార్ఫరిన్ లేదా యాసిట్రోమ్ మాత్రలకి మారుస్తారు. ఐఎన్‌ఆర్ (మాత్రతో రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. గోంగూర, తోటకూర, పాలకూర, మునగాకు మానేయమని చాలామంది చెబుతారు, అది సరికాదు. వాటిలోని విటమిన్ కె మాత్ర పనిని తగ్గిస్తుంది నిజమే, కాబట్టి ప్రతి వారం ఇంచుమించు ఒకే మోతాదులో తిననివ్వండి. నెలంతా మానేసి అమ్మమ్మ ఇంటికెళ్లి వారం రోజులు రోజూ గోంగూర పప్పు తింటేనే ఐఎన్‌ఆర్ అటూఇటూ అవుతుంది. పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు ఉన్నాయి కదా అని అడుగుతారు. మూడు యాంటీబాడీలూ పాజిటివ్ ఉన్నవాళ్లలో రివరాక్సబాన్‌ని వార్ఫరిన్‌తో పోల్చిన ట్రయల్‌ని 2018లో మధ్యలోనే ఆపేశారు, రివరాక్సబాన్ తీసుకున్నవాళ్లకే గడ్డలు, పక్షవాతాలు ఎక్కువ వచ్చాయి. కాబట్టి ఏపీఎస్ కాదని తేలేదాకా నేను వాటి జోలికి వెళ్లను.

ఇంకా ముఖ్యమైనది: ఈ మందుల మీద ఉన్నంతకాలం తుంటి మీద, జబ్బ మీద కండలోకి ఇంజెక్షన్ వేయించొద్దు. జ్వరమొస్తే వీధి చివర ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లే అలవాటు మనకుంది, కండలో రక్తం నిండి గడ్డలా ఉబ్బిన పిల్లల్ని చూశాను. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, పారాసెటమాల్ చాలు. నెలసరి రక్తస్రావం బాగా పెరగొచ్చు, ముందే చెప్పి ఉంచితే పాప భయపడదు. దానికి ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు మాత్రం ఎవరిచ్చినా వేయకండి.

లూపస్ అని తేలితే హైడ్రాక్సీక్లోరోక్విన్ తప్పకుండా ఉంటుంది. స్టీరాయిడ్లు ఇస్తారా, ఎంత ఇస్తారు అన్నది కిడ్నీ, ఇతర అవయవాల మీద ఆధారపడుతుంది. గడ్డ ఒక్కటే ఉండి లూపస్ లేనప్పుడు స్టీరాయిడ్లతో పని లేదు, ముందుజాగ్రత్తగా ఇద్దామంటే ఎందుకని అడగండి.

స్కూలు గురించి అడిగారు. వాపు తగ్గి నడవగలిగితే పంపండి. గంటల తరబడి కూర్చోకుండా మధ్యలో లేవనివ్వమని టీచర్‌కి చెప్పండి. కబడ్డీ, ఖోఖో ప్రస్తుతానికి వద్దు. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం, వాంతులతో తగ్గని తలనొప్పి, ఫిట్స్, ఒక పక్క చెయ్యీ కాలూ బలహీనపడటం, వేలి కొన నల్లబడటం, వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకే వెళ్లాలి.

మీరు రాసిన రిపోర్టులన్నీ మళ్లీ చదివాను, మూత్రం రిపోర్టు వాటిలో లేదు. రేపు పొద్దున పాప లేవగానే వచ్చే మొదటి మూత్రం పట్టి ల్యాబ్‌కి ఇవ్వండి. మామూలు పరీక్షతో పాటు ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి చేయమనండి. ఆ అంకె, ఏఎన్‌ఏ టైటర్, మిక్సింగ్ టెస్ట్ చేశారా లేదా, ఈ మూడూ రాస్తే మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.